అమ్మ తర్వాత ఎవరని కాదు, అమ్మ ఉండగానే ఏం చేద్దామో చెప్పండి

దివ్యాంగులు అనగానే మన కళ్ళ ముందు పిల్లలే మెదులుతారు. డిసెంబర్ 3న, దివ్యాంగుల దినోత్సవం నాడు, స్టేజీ మీద డాన్సు చేసే పిల్లలు, ట్రైసైకిల్ అందుకుంటూ ఫొటోకి నవ్వే కుర్రాళ్ళు. ఆ పిల్లలు నలభై దాటుతారు, యాభై దాటుతారు. వాళ్ళకీ జుట్టు నెరుస్తుంది, మోకాళ్ళు పట్టేస్తాయి, చూపు మందగిస్తుంది. "అమ్మ తర్వాత వీళ్ళని ఎవరు చూస్తారు?" అని అడగడమే తప్ప, ఆ వయసు వాళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు మన చిత్తూరులో గానీ తిరుపతిలో గానీ నాకు కనబడలేదు. ఆ బాధతోనే, ఆ కోపంతోనే ఇది రాస్తున్నా. పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మా తమ్ముడికి నలభై నాలుగేళ్ళు. డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఒంట్లో ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండి, బుద్ధి ఎదుగుదల నెమ్మదించే స్థితి. ఇలాంటి బిడ్డలు ఎక్కువ కాలం ఉండరని వాడు పుట్టినప్పుడే మా నాయనతో అన్నారంట. అప్పటి లెక్కలో అది అబద్ధమేం కాదు. 1983 నాటికి అమెరికాలోనే డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళ సగటు ఆయుష్షు 25 ఏళ్ళ దగ్గర ఉండేది. ఇప్పుడు అక్కడ అది 60కి చేరింది. గుండె ఆపరేషన్లు వచ్చాయి, మందులు వచ్చాయి, బిడ్డల్ని ఎక్కడో వదిలేయకుండా ఇంట్లో పెంచుకోవడం పెరిగింది. ఇంతకంటే మంచి మాట ఏముంది? కానీ పెరిగిన ఆ ఆయుష్షుకి తగ్గ ఏర్పాటు మాత్రం ఎవరూ చేయలేదు.

పోయిన ఏడాది వాడు గడప దగ్గర ఆగిపోవడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని, కుడికాలు ముందుకు చాపి, బొటనవేలితో గడప ఎక్కడుందో తడుముకుని అప్పుడు దాటేవాడు. రోజూ సందు చివరిదాకా పోయి పాల ప్యాకెట్లు తెచ్చే మనిషి, వాకిట్లోకి రావడానికే భయపడ్డాడు. పిలిస్తే పలకడం తగ్గింది. పగలంతా నిద్రే. ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టరు వాణ్ణి తాకి చూడనైనా లేదు. "ఇలాంటి పిల్లలు ఇట్లాగే ఉంటారమ్మా, వయసు మీద పడుతోంది కదా" అన్నాడు. నలభై నాలుగేళ్ళ మనిషిని ఒకే వాక్యంలో పిల్లవాణ్ణీ చేశాడు, ముసలివాణ్ణీ చేశాడు. మా అమ్మ మారు మాట్లాడకుండా చీటీ తీసుకుని లేచింది. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ అరగలేదు.

తర్వాత వేలూరు బస్సెక్కాం. అక్కడొక డాక్టరమ్మ ముందు వాడితోనే మాట్లాడింది. కళ్ళలోకి టార్చి వేసి చూసింది, చెవులు చూసింది, రక్తపరీక్ష రాసింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. చెవుల్లో గుబిలి గట్టిపడి వినపడడం లేదు. థైరాయిడ్ బాగా పడిపోయింది. మూడూ డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో తరచుగా వచ్చేవే, మూడింటికీ వైద్యం ఉంది. కళ్ళ ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు పాలకి మళ్ళీ వాడే పోతున్నాడు.

అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు భయం లేదని నేననడం లేదు. వీళ్ళకి అదనంగా ఉండే 21వ క్రోమోజోమ్‌ మీదే, ఆ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్‌కి సంబంధించిన జన్యువు ఉంది. అందుకే నలభైల్లోనే మెదడులో ఆ మార్పులు కనిపిస్తాయి. అరవై వచ్చేసరికి సగం మందికో అంతకంటే ఎక్కువ మందికో ఆ మతిమరుపు జబ్బు బయటపడుతుంది. అది నిజం కాబట్టే ప్రతి మార్పునీ దాని ఖాతాలో వేసేసి చేతులు దులుపుకోకూడదు. మీ ఇంట్లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు ముప్పై దాటితే ఒక పని చేయండి. చొక్కా గుండీలు పెట్టుకోవడం, మెట్లు దిగడం, చిల్లర లెక్కపెట్టడం, మాట్లాడే తీరు, ఇవన్నీ ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. ఏటా తీయండి. రేపు డాక్టరు "ముందు ఎట్లా ఉండేవాడు?" అని అడిగితే మన టెన్షన్లో మనకేదీ గుర్తుండదు, ఫోన్ చూపిస్తే చాలు.

డౌన్ సిండ్రోమ్ ఒక్కటే కాదు. పోలియో సంగతి చూడండి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014లో పోలియో లేని దేశమని ప్రకటించారు. పండగ చేసుకున్నాం, చేసుకోవాల్సిందే. మరి అప్పటికే పోలియో వచ్చినవాళ్ళు? తిరుపతిలో ఎముకల వైద్యం చేసే బర్డ్ ఆసుపత్రిలో ఆపరేషన్లు చేయించుకుని, కాలికి ఊతమిచ్చే కాలిపర్లు వేసుకుని బతుకు నిలబెట్టుకున్న ఆ తరం వాళ్ళు ఇప్పుడు యాభైల్లో, అరవైల్లో ఉన్నారు. మా సందులో సైకిల్ షాపు నడిపే అన్న అలాంటివాడే. చిన్నప్పటినుంచీ చంకకర్ర మీదే నడిచాడు. ఇన్నేళ్ళూ కాళ్ళ బరువంతా మోసిన భుజాలు ఇప్పుడు అరిగిపోయాయి. రాత్రి పక్కకి తిరిగి పడుకోలేడు. దీనికితోడు పోలియో వచ్చిన కొన్ని దశాబ్దాల తర్వాత కండరాలు కొత్తగా బలహీనపడడం, విపరీతమైన అలసట అనేవి కొందరికి వస్తాయి. పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. అలాంటివాళ్ళు ఒంటిని మరీ కష్టపెడితే ఇంకా చెడుతుంది. ఇది తెలియక చుట్టుపక్కలవాళ్ళు "బద్ధకించావన్నా, ఎక్సర్‌సైజ్ చెయ్యి" అంటారు. ఆయనకి కావలసింది వీల్‌చెయిర్, షాపు ముందు ఒక వాలుదారి. ఇన్నాళ్ళూ నడిచినవాడు బండెక్కితే ఓడిపోయినట్టు మనమే చూస్తున్నాం.

డబ్బు సంగతికి వస్తాను. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 6000 రూపాయలు. ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇస్తున్నారు. ఇది చిన్న విషయం కాదు, ఆ డబ్బు మీదే బతికే ఇళ్ళు నాకు తెలుసు. పూర్తిగా మంచానికే పరిమితమైతే 15000. అదీ అవసరమే. కానీ మనిషి మంచాన పడకుండా ఆపే మధ్య దారి ఎక్కడుంది? బాత్రూంలో పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు, ఏడాదికోసారి కళ్ళు, చెవులు, థైరాయిడ్, ఎముకల పరీక్ష. మంచాన పడ్డాక చేసే ఖర్చు కంటే ఇదంతా తక్కువే. 2025లో పింఛన్ల రీవెరిఫికేషన్‌కని చాలామందిని ఆసుపత్రులకి రప్పించారు. వైకల్యం శాతం ఎంతో చూశారు. ఎలాగూ అంతమంది డాక్టరు ఎదుటికి వచ్చారు, అప్పుడే ఈ పరీక్షలు కూడా చేసి ఉంటే ఎంతమందికి చూపు తిరిగి వచ్చేదో!

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ చదవండి. పథకాలు రూపొందించేటప్పుడు వైకల్యంతో పాటు వయసుని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఉంది. ఎక్కువ సాయం అవసరమైనవాళ్ళకి సంరక్షకుల భత్యం అనే మాటా అందులోనే ఉంది. మన రాష్ట్రంలో దివ్యాంగుల సంక్షేమం, వయోవృద్ధుల సంక్షేమం చూసేది ఒకటే శాఖ. అయినా రెండూ కలిసిన మనిషి ఎదురుగా నిలబడితే ఏ ఫారం ఇవ్వాలో కౌంటర్‌లో తెలియడం లేదు.

ఇక చుట్టాల దగ్గరికి. పెళ్ళికి పోయినా, కర్మంతరానికి పోయినా ఒకటే ప్రశ్న. "మీ అమ్మ తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు?" అడిగేది నన్ను, చూసేది నా మొహం. అక్క ఉంది కదా, చూసుకుంటుందిలే అని వాళ్ళే తేల్చేస్తారు. నాకు వాడంటే ప్రాణం. అయినా ఒక మనిషి ముసలితనాన్ని మొత్తం ఇంకో ఆడమనిషి నెత్తిన పెట్టి, దానికి ప్రేమ అని పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు. మా అమ్మకి డెబ్భై దాటాయి. రెండు మోకాళ్ళూ అరిగాయి. ఇప్పటికీ వాడి వీపు ఆమే రుద్దాలి. ఆమెకి జ్వరమొస్తే ఒక వారం వాణ్ణి నమ్మకంగా ఉంచే చోటు ఈ ఊళ్ళో నాకు దొరకలేదు. ప్రశ్న అమ్మ తర్వాత సంగతి కాదు, ఈ వారం సంగతి.

అమ్మానాన్నలు ఉండగానే చేయాల్సినవి ఉన్నాయి, వాయిదా వేయకండి. బిడ్డకి పద్దెనిమిది నిండితే, వాడికి ఎంత వైకల్యం ఉన్నా, చట్టం దృష్టిలో తల్లిదండ్రులు ఆటోమేటిక్‌గా గార్డియన్లు కారు. బ్యాంకులో, రిజిస్ట్రార్ ఆఫీసులో ఇది ఒక్కసారిగా ఎదురై కాళ్ళకింద నేల కదిలిపోతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో ఉండే లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది. దానికి అధ్యక్షత వహించేది కలెక్టరే. అదే ట్రస్టు నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, వయోపరిమితి లేదు. తండ్రి గానీ తల్లి గానీ ప్రభుత్వ ఉద్యోగం చేసి ఉంటే, సొంతంగా సంపాదించుకోలేని బిడ్డకి షరతుల మేరకు జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. ఆ పేరు పింఛను కాగితాల్లోకి మీరు బతికుండగానే ఎక్కించండి. మా నాయన పోయే ముందు చేసిన మంచి పని అది. లేకపోతే తర్వాత తిరిగేవాళ్ళ చెప్పులు అరిగిపోతాయి.

వాణ్ణి కూడా అడగండి. మా ఇంట్లో అడిగాం. "యాడుంటావు నాయనా, అమ్మకి చేతకాకపోతే?" అంది మా అమ్మ. వాడు చాలాసేపు ఆలోచించి "ఈడే. సందులో" అన్నాడు. ఎవరితో అని చెప్పలేదు, ఎక్కడో మాత్రం చెప్పాడు. పాలబూతు ఆయన, గుళ్ళో పూజారి, సైకిల్ షాపు అన్న, అందరూ వాడికి తెలిసినవాళ్ళు. వాణ్ణి తీసుకుపోయి ఊరి బయట కాంపౌండ్ గోడ వెనక వంద మందితో కలిపేస్తే వాడి బతుకులో సగం పోతుంది.

కాబట్టి నేనడిగేది పెద్ద భవనం కాదు. చిత్తూరులో ఒకటి, తిరుపతిలో ఒకటి, మామూలు వీధిలో మామూలు ఇల్లు. నలుగురైదుగురు ఉండేది, జీతమిచ్చి పెట్టుకున్న సంరక్షకులతో. అందులోనే అమ్మలకి జ్వరమొస్తే వారం పాటు ఉంచుకునే రెండు మంచాలు. పెద్దవాళ్ళయిన దివ్యాంగులు పగలు వచ్చి పని చేసుకునే కేంద్రం. ఏటా ఒక ఆరోగ్య పరీక్ష.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, ఇవే రాసి ఇవ్వబోతున్నా. ఒక్కదాని అర్జీకి ఏం బరువుంటుంది? మీ ఇంట్లో గానీ మీ వీధిలో గానీ ముప్పై ఐదు దాటిన దివ్యాంగులు ఉంటే కామెంట్లో మీ మండలం పేరు మాత్రం పెట్టండి, వివరాలు ఇన్‌బాక్స్‌లో మాట్లాడుకుందాం. వాళ్ళు రాగలిగితే వాళ్ళనీ తీసుకురండి. మా వాడైతే వస్తానన్నాడు.