నీలి తెర రాగానే ఫార్మాట్ కొట్టమన్న మహానుభావులకు

ల్యాప్‌టాప్ పని మధ్యలో ఆగిపోయి నీలి తెర చూపిస్తే ఏం చేయాలో చెప్పే సందేశం ఒకటి వాట్సాప్‌లో తిరుగుతోంది. పేరు "షాపువాళ్లు మీకు చెప్పని ఆరు రహస్యాలు". అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, కాలేజీ మిత్రుల గ్రూపులో వచ్చింది. నిన్న మా బాబాయి విడిగా పంపి, "దాచుకోరా, పనికొస్తుంది" అన్నారు. దాచుకోలేదు గానీ, చదివాను.

మొదటి రహస్యం: నీలి తెర అంటే వైరస్సే. కాదు. ఎక్కువసార్లు అది డ్రైవరు (వైఫై వంటి ఒక్కో భాగాన్ని విండోస్‌తో కలిపి నడిపించే చిన్న ప్రోగ్రాం) లోపం, కాకపోతే ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు డేటా ఉండే మెమరీ), ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్కు) వంటి భాగం పాడవడం. మీ ఖాతాలు దోచుకోవాలనుకునేవాడికి మీ యంత్రం నిక్షేపంగా నడవాలి. అది కూలిపోతే వాడికేం లాభం?

రెండోది: వెంటనే ఫార్మాట్ కొట్టి, అంటే డిస్కులో ఉన్నదంతా చెరిపేసి, విండోస్ మళ్లీ ఎక్కించాలట. నా కోపమంతా దీని మీదే. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికే నిప్పు పెట్టుకునే సలహా ఇది. కూలిపోయిన ప్రతిసారీ విండోస్ సాధారణంగా తన ఫోల్డరులోనే మినీడంప్ అనే చోట ఒక చిన్న ఫైలు రాసిపెడుతుంది. బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రాంతోనో, మైక్రోసాఫ్ట్ వారి విన్‌డీబీజీతోనో దాన్ని తెరిస్తే ఏ డ్రైవరు దగ్గర తేడా వచ్చిందో చాలాసార్లు పేరుతో సహా తెలుస్తుంది. వైఫై డ్రైవరు పేరే పదేపదే కనిపిస్తోందా? ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి దాన్ని మార్చి చూడండి. ప్రతిసారీ నీలి తెర మీద కొత్త కోడు (తప్పును సూచించే పేరు), కొత్త డ్రైవరు ఫైలు పేరు వస్తుంటే ర్యామ్‌ను అనుమానించండి. రాత్రి పడుకునే ముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాం పెట్టి వదిలేయండి. పొద్దున్నకి అందులో ఒక్క తప్పు కనిపించినా తేలిగ్గా తీసుకోకండి. కోడు డబ్ల్యూహెచ్ఈఏ (WHEA, విండోస్ హార్డ్‌వేర్ తప్పులకు వాడే గుర్తు) అని మొదలైతే దోషం దాదాపుగా హార్డ్‌వేర్‌లోనే ఉంటుంది.

ఫార్మాట్ కొట్టిన మరుక్షణం ఈ ఆధారాలన్నీ గల్లంతు. పాడైన ర్యామ్ మాత్రం అక్కడే ఉంటుంది. కొత్తగా ఎక్కించే విండోస్ ఫైళ్లు కూడా దాని గుండానే పోవాలి కాబట్టి అవీ చెడిపోవచ్చు. వారం తిరగకుండా మళ్లీ నీలి తెర. ఈలోగా పిల్లల ఫొటోలు, ఆదాయపు పన్ను కాగితాలు పోయాయి. డ్రైవుకు బిట్‌లాకర్ (డేటాను తాళం వేసినట్టు గుప్తీకరించే విండోస్ సౌకర్యం) ఉంటే డేటా తిరిగి తీసే నిపుణులు కూడా చేతులెత్తేస్తారు. సందేశం రాసిన పుణ్యాత్ముడు "ముందు బ్యాకప్ తీసుకోండి" అన్న మూడు మాటలు కూడా ఖర్చుపెట్టలేదు. నమస్కారం పెట్టిన రెండు చేతుల బొమ్మలకు మాత్రం చోటు దొరికింది.

మూడోది: అప్‌డేట్లు ఆపేయండి, 2024లో ప్రపంచమంతా ఆగిపోయింది వాటివల్లే. 2024 జులై 19న జరిగింది క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన ఫైలు వల్ల, విండోస్ అప్‌డేట్ వల్ల కాదు. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు కూలాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్‌ది కంపెనీలు కొనుక్కునే సాఫ్ట్‌వేర్, బాబాయి ల్యాప్‌టాప్‌లో ఉండదు. ఏదైనా ఒక అప్‌డేట్ తర్వాతే గొడవ మొదలైతే దాన్నొక్కదాన్నే వెనక్కి తీసేయవచ్చు.

నాలుగోది: ల్యాప్‌టాప్‌ను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక లోపల తేమ పడుతుంది. ఇక మాట్లాడను.

అయిదోది: తెర మీద కనిపించే నంబరుకు ఫోన్ చేయండి. అసలైన నీలి తెర మీద ఫోన్ నంబరు ఉండదు. ఉంటే అది బ్రౌజర్‌లో తెరుచుకున్న దొంగ పేజీ. ఫోన్ చేస్తే అవతలివాడు మీ తెరను తన చేతుల్లోకి తీసుకుంటాడు, తర్వాత బ్యాంకు ఖాతాను. ఇప్పటికే డబ్బు పోయుంటే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. అన్నట్టు, విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఆ తెర నల్లగా మారిపోయింది. రహస్యాలు తెలిసినవారికి ఈ వార్త ఇంకా చేరినట్టు లేదు.

ఆరోది: ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టండి. నవ్వుదామనే మొదలుపెట్టాను, కానీ ఇది ఒప్పుకోవాల్సిందే. అంచు మీద పేరుకున్న మసక వల్ల, సరిగ్గా కూర్చోని ర్యామ్ వల్ల నీలి తెరలు వస్తాయి. మరమ్మతు షాపుల్లో ముందుగా చేసేదీ చాలాసార్లు ఇదే. మెత్తటి రబ్బరు వాడాలి, పొడిని పూర్తిగా తుడిచేయాలి. విప్పే ముందు ల్యాప్‌టాప్ ఆపేసి, ఛార్జర్ పీకి, బ్యాటరీ కనెక్షన్ తీసేయాలి. సన్నని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. అలాంటివాటిని అసలు విప్పకండి.