ఘంటసాల గారు కనబడుటలేదు

నాన్నగారి రికార్డు ప్లేయర్ ముల్లు విరగ్గొట్టింది నేనే. పనమ్మాయి మీదికి నెట్టేద్దామనుకున్నాను గానీ ఆ రోజు ఆ పిల్ల రాలేదు. తుండుగుడ్డతో దుమ్ము దులుపుతుంటే పోగేదో పట్టుకున్నట్టయింది. చూసేసరికి ముల్లు తుండుగుడ్డకి ఉంది, ప్లేయర్‌కి లేదు.

ఆ మోడల్ ముల్లు ఇప్పుడు దొరకదట. మొత్తం కార్ట్రిడ్జే మార్చాలట. అంటే ముల్లూ, దాని వెనక అయస్కాంతం, తీగచుట్టలూ ఇరుక్కుని కూర్చున్న ఆ బుల్లి డబ్బా. నెల రోజులు రాత్రిళ్లు ఫోన్లో అదే చదువు. ఇందులో మూవింగ్ మాగ్నెట్, మూవింగ్ కాయిల్ అని రెండు శాఖలున్నాయి. మొదటిదాంట్లో అయస్కాంతం ఊగుతుంది, రెండోదాంట్లో తీగచుట్ట ఊగుతుంది. మొదటిది నాలుగైదు మిల్లీవోల్టులు ఇస్తుంది. రెండోది మామూలుగా అందులో పదో వంతే ఇచ్చి, డబ్బులు మాత్రం ఎక్కువ అడుగుతుంది. పైగా చాలావాటికి ముల్లు విరిగితే మనం ఇంట్లో మార్చుకోలేం. తుండుగుడ్డ చరిత్ర ఉన్నవాణ్ణి కాబట్టి మూవింగ్ మాగ్నెట్‌కే ఓటేశాను.

అక్కడితో అయిందా? ప్లేయర్ చేతి, అంటే ముల్లుని మోసే కడ్డీ, బరువుకీ ముల్లు మెత్తదనానికీ జాతకాలు కలవాలట. మన పెళ్లిళ్లలో 36 గుణాల్లో 18 కలిస్తే కానిచ్చేస్తాం. ఇక్కడ ఆ రెండూ కలిసి ఊగే లెక్క 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్యలో పడాలి. అంతకు తగ్గితే వంకర ప్లేటు మీద ముల్లు గంతులేస్తుంది, మరీ పెరిగితే పాట జోలికొస్తుంది. నేను కాగితం మీద లెక్కలు కడుతుంటే మా ఆవిడ తొంగిచూసి, "అమ్మాయి సంబంధానికి కూడా ఇలాగే చూడండి," అంది.

శనివారం పార్సెల్ వచ్చింది. విప్పాక తెలిసింది, నాకు చత్వారం అని. ముందే తెలుసు గానీ ఇంత అని తెలియదు. కార్ట్రిడ్జ్ వెనక నాలుగు పిన్నులు, చేతి కొసన నాలుగు తీగలు, ఒక్కోటీ సేమియా పోగులో సగం లేదు. వెంటనే మా బావమరిదికి ఫోన్ చేశాను. వాడికి లోపమంతా దూరపు చూపులోనే. కళ్లద్దాలు తీసేస్తే చీమ కాళ్లు లెక్కపెడతాడు.

ఆదివారం పొద్దున్నే గోంగూర కట్టలతో దిగాడు. గుమ్మంలోనే వాళ్లక్క అందుకుంది.

"ఎర్ర గోంగూర తెమ్మన్నానురా. మళ్లీ తెల్లదే తెచ్చావు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస!"

"ఏదో ఒక గోంగూరేలే అక్కా," అని వాడు చెప్పులు విప్పి నా దగ్గరికొచ్చేశాడు.

అమ్మాయి కనుబొమలు సరిచేసుకునే పట్టకారు వాడి చేతికిచ్చి, నేను పురోహితుడిలా పక్కన కూర్చుని కాగితం చదివాను. తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. తెలుపూ నీలమూ చకచకా పెట్టేశాడు. తర్వాత కాసేపు ఆగాడు. వెలుతురు చాల్లేదేమోనని టార్చి పట్టాను. "ఆఁ, అయిపోయింది బావా," అన్నాడు.

ఇక ముల్లు నిలబెట్టడం. దానికొక కొలత కాగితం ఉంటుంది. ప్లేటు నడిమధ్య నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర ఒక చుక్క, 120.9 దగ్గర ఇంకో చుక్క. ముల్లు రెండింటి మీదా సరిగ్గా వాలాలి, డబ్బా అక్కడి గీతలకు సమంగా ఉండాలి. ఇక్కడ కుదిరితే అక్కడ కుదరదు. గంటన్నర కుస్తీ పట్టాక తేలిందేమంటే, జిరాక్స్ షాపు కుర్రాడు పేజీకి సరిపోవాలని దాన్ని కాస్త కుదించి ప్రింటు తీశాడు. మళ్లీ తెప్పించి, మళ్లీ మొదలుపెట్టాం.

తూకం మాత్రం నాకు బాగా నచ్చింది. వెనకున్న బరువు తిప్పుతూ పోతే ఒక చోట చెయ్యి అటూ ఇటూ మొగ్గకుండా గాల్లో తేలుతుంది. తులాభారంలో తులసిదళం వేసినట్టు. అక్కడ సున్నా పెట్టుకుని, ముల్లు ప్లేటు మీద మోపే బరువు 2 గ్రాములయ్యేలా తిప్పాలి. నమ్మకం చాలక, తెలిసిన కంసాలి దగ్గర తెచ్చిన బుల్లి తూకం మీద ముల్లు దింపాను. ఎక్కువ చూపించింది! కాసేపు కంసాలిని అనుమానించాను గానీ, తప్పు ఆయనది కాదు. పళ్లెం కింద తూకం అడుగు ఇనుముది, కార్ట్రిడ్జ్‌లో ఉన్నది అయస్కాంతం. మధ్యలో అట్టముక్క పెట్టి, దాని బరువు తీసేసి చూస్తే 2 దగ్గరికొచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి నాన్నగారి ఘంటసాల పద్యాల ప్లేటు తీశాను. 45 స్పీడుది, మోనో, అంటే ఎడమకీ కుడికీ ఒకటే పాట. "మోనో ప్లేటుకి ఆంప్లిఫయర్లో మోనో బటన్ నొక్కాలి. అది ఎడమనీ కుడినీ కలిపేస్తుంది. పాట గాడిలో పక్కలకు ఊగుతుంది, దుమ్మూ గీతలూ ముల్లుని పైకీ కిందికీ కూడా ఎగరేస్తాయి. ఈ బటన్ నొక్కితే ఆ పైకీ కిందికీ చప్పుడు పోయి గొంతు మిగులుతుంది," అని అందరికీ పాఠం చెప్పి, బటన్ నొక్కి, ముల్లు దింపాను.

చిటపట. ఆవాలు వేగుతున్నట్టు చిటపట. రెండో పద్యం దగ్గర నా చిన్నప్పుడు పడిన గీత కూడా టిక్కు టిక్కుమని స్పష్టంగా వినిపించింది. ఘంటసాల గారు మాత్రం లేరు. స్పీకరుకి చెవి ఆనిస్తే ఎక్కడో పక్కూరి బావిలోంచి ఆనవాలు.

తీగలు పీకి పెట్టాను. ఆంప్లిఫయర్ కట్టి పెట్టాను. అమ్మినవాడికి ఘాటైన మెసేజ్ టైపు చేసి, పంపబోయి, ఊరికే మోనో బటన్ తీసి చూశాను. ఆయన వచ్చారు! కానీ డొల్లగా, ఎటునుంచో తెలియకుండా.

"ఏమిటండీ, ఆయన మన వెనక నిలబడి పాడుతున్నట్టుంది?" అని మా ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూసింది.

అప్పుడు వెలిగింది. ఒక పక్క ప్లస్సూ మైనస్సూ తారుమారైతే మోనో బటన్ తిరగబడుతుంది. పాటను పాట మింగేసి, దుమ్ముని మిగులుస్తుంది.

మా ఆవిడ టార్చి పుచ్చుకుని వంగి చూసింది. "ఎర్ర తీగ పచ్చ పిన్నుకి, పచ్చ తీగ ఎర్ర పిన్నుకి పెట్టారేమిటి?"

మా బావమరిది కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడే!

"ఒరేయ్," అంది వాళ్లక్క మెల్లగా. "ఆ గోంగూర..."

వాడు డిగ్రీ అవగానే రైలు ఇంజన్ డ్రైవరు ఉద్యోగానికి రాత పరీక్ష పాసయ్యాడు. తర్వాత పోస్టులు తగ్గించేశారని ఇంట్లో చెప్పాడు. మా అత్తగారు ఇప్పటికీ ఆ పోస్టులు తగ్గించినవాణ్ణి పండగ పండక్కీ తిడుతుంటారు.

"మెడికల్లో ఒక పుస్తకం చూపించారు బావా. పేజీ నిండా రంగురంగుల చుక్కలు. అందరికీ వాటిలో అంకెలు కనిపించాయట," అన్నాడు. "నాకు చుక్కలే కనిపించాయి."

మా ఆవిడ ఏమీ అనలేదు. పట్టకారు తీసుకుని రెండు తీగలూ తనే మార్చింది. ముల్లు దింపితే ఘంటసాల గారు రెండు స్పీకర్ల నడుమకొచ్చి నిలబడ్డారు.

పద్యం సగంలో ఉండగా బావమరిది నా చెవి దగ్గరికి వంగాడు. "అమ్మకి మాత్రం పోస్టులు తగ్గించారనే ఉండనీ బావా."