లేబుల్‌కి బొమ్మ గుర్తుండదు, పేరే గుర్తు

పైథాన్‌లో విండోలు, బటన్లు తయారుచేసే టికింటర్‌లో బొమ్మ పెట్టడం మహా తేలిక. ఫొటోఇమేజ్‌తో ఫైలు తెరిచి, లేబుల్‌కి (విండోలో రాతో బొమ్మో చూపే భాగానికి) ఇమేజ్ ఆప్షన్‌గా ఇచ్చి, ప్యాక్ చేస్తే చాలు, కాలేజీ లోగో మెరిసిపోతుంది. అంతలో ల్యాబ్‌లో సారు "కోడంతా ఇలా పరిచేస్తే ఎలా? ఫంక్షన్లో పెట్టు" అంటారు. విండోని నడిపే మెయిన్‌లూప్ బయటే ఉంచి, మిగతాది ఫంక్షన్లో పెడతారు. లోగో మాయం! ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. బొమ్మ కొలతలకు సరిపోయే ఖాళీ చోటు మాత్రం భద్రంగా ఉంటుంది. మంచి అలవాటు నేర్చుకున్నవాడికి ఇంతకన్నా సన్మానం ఏముంటుంది?

టికింటర్ కింద ఉండి తెర మీద అసలు గీసే టీకేకి చేరింది పైఇమేజ్1 (pyimage1) అనే పేరొక్కటే. ఫంక్షన్ ముగియగానే లోకల్ వేరియబుల్ పోతుంది, దాంతో ఫొటోఇమేజ్‌కి దిక్కు లేకుండా పోతుంది. అది ఊరికే పోదు, ఆబ్జెక్టు పోయేటప్పుడు నడిచే తన డెల్ మెథడ్‌లో "ఆ పేరున్న బొమ్మ తీసెయ్" అని టీకేకి చెప్పి మరీ పోతుంది.

దీనికి తరతరాలుగా వస్తున్న మంత్రం: లేబుల్.ఇమేజ్ = ఫొటో. ఫొటోని పట్టుకుని ఉండే పేరొకటి లేబుల్ దగ్గర మిగలడమే కావాలి, ఇందులో ఇమేజ్ అన్న మాటకి ఏ మహిమా లేదు. లేబుల్.పులిహోర = ఫొటో అని రాయండి, బొమ్మ నిక్షేపంగా ఉంటుంది. లేబుల్.గోంగూర అన్నా అంతే. స్పెల్లింగ్ తప్పినా ఫలితం దక్కుతుంది. ఇమేజ్ ఆప్షన్ ఇవ్వకుండా ఈ లైనొక్కటే రాస్తే మాత్రం బొమ్మ రమ్మన్నా రాదు. అయినా వైవాలో "ఈ లైను ఎందుకు?" అంటే "బొమ్మ సెట్ చేయడానికి సార్" అని జవాబు. సారూ తలూపుతారు.

"టీకే తీరే అంత" అంటారు పెద్దలు. మరి బటన్‌కి కమాండ్‌గా ఫంక్షన్ ఇస్తే ఏం జరుగుతోంది? టికింటర్ దాన్ని టీసీఎల్ (టీకే వాడే భాష) కమాండ్‌గా రిజిస్టర్ చేసి, పేరు జాబితాలో రాసుకుని, బటన్ డిస్ట్రాయ్ అయ్యేదాకా కంటికి రెప్పలా కాపాడుతోంది. ఫంక్షన్‌ని మోసే విడ్జెట్ (బటన్, లేబుల్ లాంటి విండో భాగం) బొమ్మని మోయలేదా? విడ్జెట్ పుట్టేటప్పుడో కాన్ఫిగర్‌లోనో ఇమేజ్ వస్తే ఆ ఆబ్జెక్టును ఒక డిక్షనరీలో వేసుకోవాలి, కొత్తది వస్తే పాతది వదిలెయ్యాలి, డిస్ట్రాయ్‌లో ఖాళీ చెయ్యాలి. ఇంతే కదా! ఇది చెయ్యకుండా, రెఫరెన్సు పోతే ఖాళీ డబ్బా కనిపిస్తుందని డాక్యుమెంటేషన్‌లో రాసి చేతులు దులుపుకోవడం సిగ్గుచేటు. కిందిభాష లెక్కలు పైభాషలో రాసేవాడి నెత్తిన పడకూడదనే కదా రెంటినీ కలిపే టికింటర్ లాంటి బైండింగ్ పెట్టుకున్నది? ఆ పని ఎగ్గొట్టి, మొదటిసారి విండో తెరిచిన పిల్లల చేత గార్బేజ్ కలెక్షన్ (దిక్కులేని ఆబ్జెక్టుల్ని పైథాన్ తీసేసే పద్ధతి) పాఠం వల్లె వేయించడమేమిటి?

గీతలూ బొమ్మలూ గీసుకునే విడ్జెట్ అయిన కాన్వాస్ దగ్గర నిజంగానే చిక్కుంది. అక్కడ బొమ్మకి ఐటెం నంబరే ఆధారం, డిలీట్‌కి ట్యాగ్ ఇచ్చినా ఆల్ అన్నా ఏ నంబర్లు పోయాయో లెక్క చూసుకోవాలి. సరే, దానికి తీరిగ్గా ఆలోచించుకోండి. లేబుల్‌కేం రోగం?