నైట్రోజన్ సైకిల్ కోసం చేపలను బలిపెట్టాలా?
కొత్త ఉప్పునీటి అక్వేరియంలో నైట్రోజన్ సైకిల్ (విషమైన అమ్మోనియాను బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చడం) మొదలు కావాలంటే రెండు డామ్సెల్ చేపలను వదిలితే చాలని ఒకరు రాశారు. ఒప్పుకోలేను. అమ్మోనియా మంటను భరించడానికి ప్రాణమున్న చేప ఎందుకు? అమ్మోనియం క్లోరైడ్ కలిపి లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఉండేలా చూస్తే బ్యాక్టీరియాకు అదే తిండి. మా ట్యాంకుకు అలాగే చేశాం. అమ్మోనియా త్వరగానే దిగింది, నైట్రైట్ మాత్రం వారాల తరబడి మొండికేసింది. రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ కనిపించాకే చేపల మాట. పైగా డామ్సెల్ గట్టి చేపే కానీ మహా కయ్యాలమారి. రాళ్లన్నీ తనవే అనుకుంటుంది, తర్వాత వచ్చిన చేపలను తరిమి తరిమి కొరుకుతుంది. పట్టి బయటకు తీద్దామంటే పేర్చిన రాళ్లన్నీ విప్పాల్సిందే. ట్యాంకు నీటి సాపేక్ష సాంద్రత (అంతే మంచినీటి బరువుతో పోలిస్తే ఉప్పునీటి బరువు) 1.025 ఉండాలని వారు రాసింది మాత్రం సరైన మాటే. కాకపోతే ఉప్పు పూర్తిగా కరిగాకే కొలవాలి.