బంతిని బట్టి దేశం

ఐర్లాండ్ క్రీడాభిమానుల దేశభక్తి గందరగోళమని, ఏ జెండా కింద నిలబడాలో వాళ్లకే తెలియదని బయటివాళ్లు జాలిపడుతుంటారు. ఇది ఘోరమైన అపవాదు. దేశభక్తిని ఇంత పద్ధతిగా, పద్దులవారీగా రాసుకున్న జాతి భూమ్మీద మరొకటి లేదని ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం. మనబోటివాళ్లం ఒకే దేశాన్ని పట్టుకుని క్రికెట్‌కూ హాకీకీ కబడ్డీకీ దాన్నే వాడేస్తాం. ఐరిష్ అభిమాని అంత పిసినారి కాడు. కోల బంతికి ఒక దేశం, గుండ్రటి బంతికి ఇంకో దేశం, అదే గుండ్రటి బంతిని చేత్తో పట్టుకునే ఆటైతే మరో దేశం. మ్యాచ్ ఏదో చెప్పండి చాలు, ఆ పూట సరిహద్దు ఎక్కడుందో ఆయన చెబుతాడు.

ముందు కోల బంతి సంగతి. ఐరిష్ రగ్బీ యూనియన్ 1879లో పుట్టింది. 1921లో ద్వీపాన్ని రెండు ముక్కలు చేసి, ఉత్తరాన ఆరు కౌంటీలను బ్రిటన్ కింద ఉంచి, మధ్యన గీత గీశారు. ఈ కబురు రగ్బీ యూనియన్‌కు ఇంతవరకూ అందినట్టు లేదు. అందినా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించలేదు. కాబట్టి నేటికీ బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంటూ కార్క్ కాథలిక్కూ ఒకే ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని భుజాలు కలిపి అవతలి జట్టును నెట్టే ఒకే స్క్రమ్‌లో తల దూరుస్తారు. ఎనభై నిమిషాలు ఐర్లాండ్ ఒక్కటే. ఎనభై ఒకటో నిమిషం నుంచి ఎవరి పాస్‌పోర్టు వాళ్లది.

అయితే ఆటకు ముందు పాట ఉంటుంది. చిక్కంతా అక్కడే. స్వతంత్ర దేశమైన దక్షిణాది జాతీయ గీతం బ్రిటన్‌తో పోరాడిన సైనికుల పాట. బ్రిటన్‌తోనే ఉండాలనే ఉత్తరాది యూనియనిస్టుకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన గీతం బ్రిటన్ రాజుదో రాణిదో. ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఏం పాడించాలి? 1987లో మొదటి ప్రపంచకప్‌కు యూనియన్ వారు కనిపెట్టిన పరిష్కారం అపూర్వం: వెల్లింగ్టన్‌లో వేల్స్‌తో మ్యాచ్‌కు ముందు ట్రాలీ పట్టణపు అందగత్తె మీద రాసిన ఓ పాత ప్రేమపాటను టేపు మీద వేశారు. పదిహేను మంది మల్లయోధుల్లాంటి మగాళ్లు యుద్ధానికి పోతూ, ఎవరో చిన్నదాని గులాబీ బుగ్గల కోసం నిటారుగా నిలబడ్డారన్నమాట.

దీన్ని చూసి నవ్వడం సులువే. కానీ ఆ టేపు వెనక ఉన్నది మాత్రం నవ్వులాట కాదు. ఆ ఏప్రిల్‌లోనే ప్రాక్టీసు కోసం డబ్లిన్‌కు కారులో వస్తున్న ముగ్గురు ఉత్తరాది (అల్‌స్టర్) ఆటగాళ్లు, బ్రిటన్ పాలన మీద ఆయుధం పట్టిన ఐఆర్ఏ ఓ జడ్జి కోసం సరిహద్దు దగ్గర పెట్టిన బాంబు పేలుడులో చిక్కుకున్నారు. జడ్జి, ఆయన భార్య చనిపోయారు. ముగ్గురిలో ఒకడైన నైజెల్ కార్ ఆ గాయాల తర్వాత మళ్లీ రగ్బీ ఆడలేదు. అలాంటి నెలలో అల్‌స్టర్ కుర్రాడిని సైనికుల పాటకు నిలబడమనడానికి ఎవరికి నోరొస్తుంది?

తర్వాత 1995 ప్రపంచకప్ కోసం డెరీ సంగీతకారుడు ఫిల్ కౌల్టర్‌తో ఒక పాట ప్రత్యేకంగా రాయించుకున్నారు. పేరు ‘ఐర్లాండ్స్ కాల్’. కమిటీ రచనలన్నిటిలోకీ ఇది తలమానికం. అందులో రాజు లేడు, రిపబ్లిక్ లేదు, మతం లేదు, బ్రిటన్ ఊసే లేదు. నాలుగు ప్రాంతాలున్నాయి, భుజం భుజం కలపమంటూ బోలెడన్ని భుజాలున్నాయి. ఎవరికీ ప్రాణం లేచొచ్చేంత ఇష్టం లేదు గనక ఎవరికీ పెద్దగా అభ్యంతరమూ లేదు. డబ్లిన్‌లో ఆడితే సైనికుల పాటా ఇదీ రెండూ పాడతారు, బయట ఆడితే ఇదొక్కటే. అంటే విమానం ఎక్కగానే ఐరిష్ రగ్బీ జట్టు దేశభక్తి సగం బరువు తగ్గుతుంది. చెకిన్ లగేజీకి ఈ సూత్రం ఎందుకు వర్తించదో విమాన సంస్థలే చెప్పాలి.

ఇంత కష్టపడి కట్టుకున్న జాతి కదా, ఆడేదెవరు? 2023 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ చూడండి. పారిస్‌లో న్యూజీలాండ్ చేతిలో 28-24తో ఓడిపోయారు. రిఫరీ ఇచ్చిన పెనాల్టీ ట్రై పక్కన పెడితే ఐర్లాండ్ చేసినవి రెండు ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించడం): ఒకటి బుండీ ఆకీ, ఇంకోటి జేమిసన్ గిబ్సన్-పార్క్. ఇద్దరూ పుట్టింది న్యూజీలాండ్‌లోనే. జేమ్స్ లో అనే ఇంకో ఆటగాడు కూడా అక్కడివాడే. అప్పటి నిబంధన ప్రకారం మూడేళ్లు ఐర్లాండ్‌లో అద్దె కట్టారు, ఐరిష్ వాళ్లయ్యారు. తర్వాత ఆ గడువును ఐదేళ్లు చేశారు. ఏడు శతాబ్దాల పోరాటం తర్వాత దేశభక్తికి చివరికి ఒక లెక్క కుదిరినందుకు సంతోషించాలి. ఇంతాచేసి ఈ ఏకీకృత జాతి ప్రపంచకప్‌లో ఏనాడూ క్వార్టర్ ఫైనల్ దాటలేదు. బహుశా ఐక్యత కూడా అంతవరకే సరిపోతుందేమో.

రగ్బీ ద్వీపాన్ని ఏకం చేసిందని డబ్లిన్‌లో ఉపన్యాసాలిస్తుంటారు. ఎవరిని ఏకం చేసిందో కూడా చెబితే బాగుండేది. ఉత్తరాన రగ్బీ ఎక్కువగా ప్రొటెస్టెంట్ గ్రామర్ స్కూళ్ల ఆట. దక్షిణాన బ్లాక్‌రాక్ లాంటి ఫీజుల కాథలిక్ కాలేజీల ఆట. లాయరు కొడుకూ బ్యాంకు మేనేజరు కొడుకూ కలిసి ఆడటానికి మతసామరస్యం దేనికి, ఒకరి విజిటింగ్ కార్డు ఇంకొకరికి ఇస్తే చాలు. లిమరిక్‌ను మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. అక్కడ రేవు కూలీలు కూడా రగ్బీయే ఆడారు, ఆ ఊరి థోమండ్ పార్క్‌లోనే 1978లో ఆ ప్రాంతపు జట్టు మన్‌స్టర్ 12-0తో న్యూజీలాండ్ జట్టు ఆల్ బ్లాక్స్‌ను ఓడించింది. మిగతాచోట్ల సరిహద్దు కన్నా ఫీజు రసీదు గట్టిది. ఫుట్‌బాల్ అలా కాదు. బెల్‌ఫాస్ట్‌లో కాథలిక్కుల ఫాల్స్ రోడ్డులోనూ ప్రొటెస్టెంట్ల షాంకిల్ రోడ్డులోనూ పేదపిల్లలు తన్నేది అదే బంతి. అందరి ఆట కాబట్టే అందరి గొడవలూ దాంట్లోకొచ్చి పడ్డాయి. దానికి రెండు దేశాలు కావలసి వచ్చాయి.

గుండ్రటి బంతి చరిత్ర చదివితే ఉమ్మడి కుటుంబంలో ఆస్తి పంపకం గుర్తొస్తుంది. పొలాలు పంచుకున్నారు, ఇంటిపేరు మాత్రం మాదంటే మాదని కోర్టుకెక్కారు. బెల్‌ఫాస్ట్ సంఘం 1880ది. 1921లో డబ్లిన్ వాళ్లు వేరుపడి సొంత సంఘం పెట్టుకున్నారు. ఇద్దరూ తమ జట్టు పేరు ‘ఐర్లాండ్’ అనే అన్నారు, ఇద్దరూ ద్వీపమంతటి నుంచీ ఆటగాళ్లను తీసుకున్నారు. ఫలితంగా 1946 సెప్టెంబరు 28న బెల్‌ఫాస్ట్‌లో ఐర్లాండ్ 7-2తో ఇంగ్లండ్ చేతిలో ఓడింది. సెప్టెంబరు 30న డబ్లిన్‌లో ఐర్లాండ్ 1-0తో అదే ఇంగ్లండ్ చేతిలో ఓడింది. జానీ కేరీ, బిల్ గోర్మన్ రెండు మ్యాచ్‌లూ ఆడారు. రెండు వేర్వేరు మాతృభూముల తరఫున, మధ్యలో ఒక్క ఆదివారం విశ్రాంతి తీసుకుని, ఒకే శత్రువు చేతిలో ఓడిపోవడం అనే ఘనత ఇంకే దేశభక్తుడికీ దక్కి ఉండదు. చివరికి 1953లో ఫిఫా తగవు తీర్చి, ఇద్దరికీ ఇష్టంలేని పేర్లు ఇద్దరికీ పెట్టింది. ఒకటి రిపబ్లిక్ ఆఫ్ ఐర్లాండ్, రెండోది నార్తర్న్ ఐర్లాండ్.

ఇక్కడితో సర్దుకుందనుకునేరు. డెరీ సిటీ క్లబ్ ఉంది. ఊరు ఉత్తరాదిలో, అంటే బ్రిటన్‌లో. 1972లో ఉత్తరాది లీగ్ నుంచి బయటికొచ్చి, 1985 నుంచి దక్షిణాది లీగ్‌లో ఆడుతోంది. కౌంటరు ఒక దేశంలో, ఖాతా ఇంకో దేశంలో.

1986లో రిపబ్లిక్ జట్టుకు మేనేజరుగా జాక్ చార్ల్‌టన్ వచ్చాడు. ఇంగ్లండ్ తరఫున 1966 ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లిష్ వాడు. ఆయన ఐరిష్ ప్రతిభ కోసం ఐర్లాండ్‌ను గాలించడం టైము దండగ అని గ్రహించి, ఇంగ్లండ్‌లో అమ్మమ్మలను గాలించాడు. అమ్మమ్మ ఊరు ఐర్లాండ్ అయితే చాలు, మనవడు జాతీయ వీరుడు. 1988 యూరోలో స్టట్‌గార్ట్‌లో ఇంగ్లండ్‌ను 1-0తో ఓడించిన గోల్ కొట్టింది గ్లాస్గోలో పుట్టిన రే హౌటన్. 1993లో బెల్‌ఫాస్ట్‌లో నార్తర్న్ ఐర్లాండ్ మీద స్కోరు సమం చేసి రిపబ్లిక్‌ను ప్రపంచకప్‌కు పంపింది మాంచెస్టర్‌లో పుట్టిన అలన్ మెక్‌లాక్లిన్. ఇంగ్లండ్‌లో పుట్టిన టోనీ కాస్కరినో 88 మ్యాచ్‌లు ఆడాడు. తన తల్లి నిజానికి పెంపుడు కూతురని, ఐరిష్ తాతతో తనకు రక్తసంబంధం లేదని తర్వాత ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. దేశం ఏమాత్రం చలించలేదు. 88 మ్యాచ్‌లు ఆడాక ఇక డీఎన్ఏ దేనికి?

ఉత్తరాది జట్టులో వ్యవహారం ఇంకా సున్నితం. అక్కడ బ్రిటన్ రాజగీతం పాడతారు. 2002లో నీల్ లెనన్ అనే కాథలిక్కు కెప్టెన్‌గా దిగాల్సిన రోజు చంపుతామని బెదిరింపు వచ్చింది. ఆయన ఆ జట్టుకు మళ్లీ ఆడలేదు. తర్వాత్తర్వాత డెరీ కుర్రాళ్లు దక్షిణాది జట్టు వైపు నడవడం మొదలుపెట్టారు, వాళ్లలో జేమ్స్ మెక్‌క్లీన్ అందరికీ తెలిసినవాడు. ఇలాంటి వలసలు ఆపాలని ఉత్తరాది సంఘం అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా పోయి, 2010లో ఓడిపోయి వచ్చింది.

ఈ మొత్తం తత్వసారం ఒకే సాయంత్రంలో చూడాలంటే 2024 సెప్టెంబరు 7 నాటి డబ్లిన్ మ్యాచ్ చూడాలి. ఇంగ్లండ్ 2-0తో గెలిచింది. మొదటి గోల్ డెక్లాన్ రైస్, అంతకుముందు ఐర్లాండ్ సీనియర్ జట్టుకు మూడు మ్యాచ్‌లు ఆడినవాడు. రెండో గోల్ జాక్ గ్రీలిష్, ఐర్లాండ్ యువజట్లలో పెరిగినవాడు. స్టేడియమంతా ఇద్దరినీ ద్రోహులని ఊళ పెట్టింది. ఇంగ్లండ్ అప్పటి తాత్కాలిక మేనేజరు లీ కార్స్‌లీ బర్మింగ్‌హామ్‌లో పుట్టి ఐర్లాండ్‌కు 40 మ్యాచ్‌లు ఆడినవాడు. ఆయన ఇంగ్లండ్ గీతం పాడనన్నాడని లండన్ పత్రికలు కొన్ని ఆయన మీద మండిపడ్డాయి. అలా ఇంగ్లండ్‌లో పుట్టి ఐర్లాండ్‌కు ఆడితే వీరుడు, ఇంగ్లండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌కు ఆడితే ద్రోహి అనే మౌలిక సూత్రం ఆ రాత్రి స్థిరపడింది. దీనికి మినహాయింపు క్రికెట్. డబ్లిన్‌లో పుట్టిన ఇయాన్ మోర్గన్ 2019లో ఇంగ్లండ్‌కు ప్రపంచకప్ గెలిపించాడు. మన ఐపీఎల్ వీరాభిమానుల్లో ఎంతమందికి అతను ఐరిష్ వాడని తెలుసో గానీ, డబ్లిన్‌లో పెద్దగా ఎవరూ కోపగించుకోలేదు. క్రికెట్‌లో ద్రోహం చేసినా చూసేవాళ్లుండాలి కదా.

చేత్తో పట్టుకునే బంతి గురించి క్లుప్తంగా. ఐర్లాండ్ సొంత ఆటల సంఘమైన గ్యాలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884లో థర్లెస్‌లో ఓ హోటల్లో పుట్టింది. దీనికి సరిహద్దు సమస్య లేదు, ద్వీపంలోని 32 కౌంటీలూ దానివే. ఉన్న సమస్యల్లా, ఈ ఆట ఆడే ఇంకో దేశం లేకపోవడం. ప్రత్యర్థి లేని జాతీయవాదం ఆరోగ్యానికి మంచిది కాదని గ్రహించి, ఫుట్‌బాల్, రగ్బీ, హాకీ, క్రికెట్‌లను ‘విదేశీ ఆటలు’గా ప్రకటించి, ఆడినా చూసినా సభ్యత్వం రద్దన్నారు. ఎవరు చూస్తున్నారో చూసిరావడానికి నిఘా కమిటీలు వేశారు. ఫుట్‌బాల్ మీద మనసుపడ్డ గ్యాలిక్ వీరుడికి నిఘా కమిటీలో చేరడం కన్నా సుఖమైన మార్గం ఏముంటుంది! 1938లో దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ డబ్లిన్‌లో పోలండ్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్లి కూర్చున్నాడు. ఐరిష్ భాషకు ప్రాణం పోయడానికి జీవితం ధారపోసిన మనిషి. సంఘ పోషకుల జాబితా నుంచి ఆయన్ను పీకేశారు. నిషేధం 1971 దాకా నడిచింది.

ఆ సంఘానిదే డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానం. 1920 నవంబరు 21న బ్రిటిష్ బలగాలు మ్యాచ్ మధ్యలో కాల్పులు జరిపి 14 మందిని పొట్టనబెట్టుకున్న చోటు. చనిపోయిన టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ పేరే అక్కడి ఒక స్టాండుకు పెట్టారు. 2007 ఫిబ్రవరి 24న అదే మైదానంలో ఇంగ్లండ్‌తో రగ్బీ. రగ్బీ వాళ్ల లాన్స్‌డౌన్ రోడ్ స్టేడియం కొత్తగా కడుతున్నారు, అందుకని ఇక్కడికి అద్దెకొచ్చారు. బ్రిటన్ రాణి గీతం వాయిస్తే ఏమవుతుందోనని దేశం ఊపిరి బిగబట్టింది. ఏమీ కాలేదు. మౌనంగా విన్నారు, తర్వాత తమ పాట పాడారు. గొడ్డులాంటి జాన్ హేస్ బుగ్గల మీదుగా కన్నీళ్లు కారాయి, తర్వాత ఇంగ్లండ్‌ను 43-13తో కొట్టారు. షేన్ హోర్గన్ గాల్లోకి లేచి గ్యాలిక్ ఫుట్‌బాల్ పద్ధతిలో బంతి అందుకుని ట్రై చేశాడు. అంటే విదేశీ ఆటలో స్వదేశీ విద్య. బయట మాత్రం ఒక నిరసనకారుడు ‘విదేశీ ఆటలు వద్దు’ అనే అట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఒంటి మీద సెల్టిక్ చొక్కా. అది స్కాట్లండ్ ఫుట్‌బాల్ క్లబ్. ఈ వ్యాసకర్తను అడిగితే ఐర్లాండ్ పాస్‌పోర్టు మీద వీణ తీసేసి ఆ ఫొటో వేయాలి.

ఎందుకంటే వారాంతం వస్తే ద్వీపమంతా చేసే పని అదే. డబ్లిన్ నుంచి లివర్‌పూల్‌కూ మాంచెస్టర్‌కూ పొద్దున విమానాల నిండా ఎర్ర చొక్కాలు. ఇంగ్లండ్ ఓడితే పండగ చేసుకునేవాడే, ఇంగ్లండ్ క్లబ్ ఓడితే సోమవారం ఆఫీసులో ముఖం వేలాడేసుకుంటాడు. అదే సమయంలో తన వీధి చివరున్న క్లబ్ స్టేడియంలో సీట్లు వర్షానికి కడుక్కుంటూ ఉంటాయి. ఇందులో వైరుధ్యం ఉందనేవాళ్లు ఆయన పద్దుల పుస్తకం సరిగా చదవనివాళ్లు. ఇంగ్లండ్ దేశం వేరు, ఇంగ్లండ్‌లోని తన టీమ్ వేరు.

ఈ పద్దులన్నీ కలిపి ఒకే పేజీలోకి తేవాలని ఓ ప్రయత్నం జరిగింది. 2028 యూరో ఫుట్‌బాల్‌ను బ్రిటన్, ఐర్లాండ్ కలిసి నిర్వహిస్తున్నాయి. బెల్‌ఫాస్ట్‌లో మ్యాచ్‌లకు ఎంచుకున్నది కేస్‌మెంట్ పార్క్. అది గ్యాలిక్ సంఘం మైదానం, అంటే ఒకప్పుడు ఫుట్‌బాల్ చూసినవాడిని వెలివేసిన వారిది. పేరు రోజర్ కేస్‌మెంట్‌ది, అంటే 1916లో బ్రిటన్ రాజద్రోహం కింద ఉరితీసిన మనిషిది. అందులో ఆడాల్సినది ఫుట్‌బాల్, కొత్తగా కట్టడానికి డబ్బు పెట్టాల్సినది బ్రిటన్ ప్రభుత్వం. ఉత్తరాది ఫుట్‌బాల్ అభిమానుల్లో చాలామంది ఆ గేటు దాటి లోపలికి రామన్నారు. లండన్ వాళ్లు లెక్కలు వేసి, 2024 సెప్టెంబరులో ఈ టోర్నీకి డబ్బు ఇవ్వలేమన్నారు. మైదానం 2013లోనే మూతపడింది. ఫుట్‌బాల్ రాలేదు, రగ్బీ రాలేదు, గ్యాలిక్ ఆగిపోయింది, పాటల గొడవ అసలే లేదు. ద్వీపం మొత్తమ్మీద ఏ వర్గానికీ రెండో వర్గంతో పేచీ రాని స్టేడియం ప్రస్తుతానికి అదొక్కటే.