నీలి అల గుర్తు వారికి ఒక డిజైనర్ విన్నపం

మహారాజశ్రీ నీలి అల గుర్తు వారి దివ్య సముఖానికి, తమరిని గీసి గీసి వేళ్లు అరిగిపోయిన డిజైనర్ వ్రాసుకొన్న విన్నపం. ఉభయకుశలోపరి.

నా నోటు పుస్తకం నిండా తమరే. టీషర్టుకు తమరు, అలల మీద నిలబడి జారే సర్ఫ్ బోర్డుకు రుద్దే మైనపు బిళ్ల పొట్లానికి తమరు, జన్మలో ఉప్పునీరు ఎరుగని బ్యాంకు యాప్‌కు కూడా తమరే. ‘స్వేచ్ఛ కనిపించాలి, రాజకీయం మాత్రం కనిపించకూడదు’ అని ప్రతి క్లయింటూ కోరుతాడు. తమరు ఒక చుట్టు తిరిగి, కాస్త నురగ చిమ్మి, ఏ పక్షమూ పట్టకుండా నిలబడతారు. ఆ నేర్పుకు జోహార్లు.

అయితే తమరి వంశచరిత్ర తిరగేస్తేనే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటోంది. పూర్వం హవాయి దీవుల్లో అలల మీద జారే ‘ఓలో’ అనే పొడవాటి పలక ప్రభువంశీకులకే చెల్లేదట. అంటే అల మీద కూడా ఎవరి హోదా వారిదే. 1893లో అక్కడి తోటల యజమానులు, వ్యాపారులు అమెరికా నౌకాదళ సైనికుల అండ చూసుకొని రాణి లిలియుఒకలానిని గద్దె దించారు, 1898లో అమెరికా ఆ దీవులను తనలో కలిపేసుకొంది, ఆ తరువాత అక్కడి వైకీకీ తీరపు అలలు పర్యాటకుల పోస్టర్లకు ఎక్కాయి. వాటిని అంత అందంగా గీసింది నా వృత్తివారే కనుక ఈ విషయంలో ఎక్కువ మాట్లాడను.

1985లో, అప్పటికే రెండుసార్లు సర్ఫింగ్ ప్రపంచ విజేత అయిన ఆస్ట్రేలియా ఆటగాడు టామ్ కరోల్, వర్ణవివక్ష సాగుతున్న దక్షిణాఫ్రికాలో పోటీకి దిగనన్నాడు. బోర్డు మీద నిలబడినవాడికి తట్టిన సంగతి, బోర్డు మీద అచ్చయిన తమరికి తట్టకపోవడం విచిత్రమే.

2024 పారిస్ ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలు జరిగింది పారిస్‌కు 15,000 కిలోమీటర్లకు పైగా దూరాన, పసిఫిక్ సముద్రంలో ఫ్రాన్స్ పాలనలో ఉన్న తాహితీ దీవిలోని తెయాహుపోఓ ఊళ్లో. న్యాయనిర్ణేతల కోసం తలపెట్టిన అల్యూమినియం టవర్‌ను స్థానికులు వ్యతిరేకిస్తే దాని పరిమాణం తగ్గించారు. అయినా 2023 డిసెంబరులో ఆ పనికి వచ్చిన బార్జి, అంటే సరుకు మోసే చదును పడవ, తగిలి పగడాలు విరిగాయి. ఆ విరిగిన పగడాలకు ఏ రంగు వేయాలో నా రంగుల పట్టికలో లేదు.

అందుకే మొన్న ధైర్యం చేసి తమరి నురగలో ఒక చిన్న టవర్ ఇరికించాను. క్లయింటు దాన్ని దీపస్తంభం అనుకొని ముచ్చటపడి, మరికాస్త పెద్దది చేయమన్నాడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి విధేయుడైన గీతలవాడు