ఆ మెసేజ్ నాకు ఇంకెవరూ పంపకండి

ఈ పది రోజుల్లో అది నాకు ఆరోసారి. మొదట నంద్యాల నుంచి మా పిన్ని పంపింది. తర్వాత మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపులో వచ్చింది, ఆ తర్వాత కాలేజీ గ్రూపులో రెండుసార్లు, ఆఫీసు వాళ్ల గ్రూపులో ఒకసారి. మొన్న రాత్రి పన్నెండింటికి, ఎప్పుడో పరిచయమైన ఒక జూనియర్ అదే మెసేజ్ పంపి కింద "అక్కా, ఇది నిజమేనా?" అని అడిగాడు.

"బెంగళూరులో ఉన్న మీ ఆడపిల్లల్ని కాపాడుకోండి" అని మొదలవుతుంది. చూడనివాళ్ల కోసం అందులో ఏముందో చెప్తాను. అబార్షన్ మన దేశంలో నేరం, పెళ్లికాని అమ్మాయి చేయించుకుంటే జైలు. భర్తో తండ్రో సంతకం పెట్టందే ఏ డాక్టరూ చేయకూడదు. అలాంటి అమ్మాయి వస్తే డాక్టరు వెంటనే పోలీసులకూ ఇంట్లోవాళ్లకూ చెప్పాలి. ఒక్కసారి చేయించుకుంటే రొమ్ము కేన్సర్ వస్తుంది, ఇక పిల్లలు పుట్టరు. ఐర్లండ్, అమెరికా లాంటి దేశాలే నిషేధించాయి. అబార్షన్ల వల్లే ఆడశిశువుల్ని చంపేస్తున్నారు. అబ్బాయిలు వాడుకుని, కడుపు తీయించి వదిలేస్తున్నారు. ఆఖరికి, ఇదంతా పీజీ హాస్టళ్ల సంస్కృతి. ఇంతే.

పంపినవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు, మా పిన్ని అసలే కాదు. అయినా కోపం వస్తోంది, ఎందుకంటే ఇది చదివి నమ్మిన ఒక అమ్మాయి ఏం చేస్తుందో నేను కళ్లారా చూశాను.

కేన్సర్ సంగతి ముందు తేల్చేద్దాం. 16 దేశాల్లో జరిగిన 53 అధ్యయనాలను, రొమ్ము కేన్సర్ వచ్చిన 83 వేలమంది వివరాలను కలిపి పరిశీలించి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చువేశారు. అబార్షన్‌కీ దానికీ సంబంధం లేదని తేలింది. ఇరవై ఏళ్ల కిందట తేలిపోయిన విషయాన్ని ఇప్పటికీ ఎర్రరంగు వేసి పంపుకుంటున్నాం.

పిల్లలు పుట్టరన్న మాట కూడా అంతే. సరైన సమయంలో, శుభ్రమైన చోట, నేర్చుకున్న డాక్టరు చేస్తే తర్వాత గర్భం రావడానికి అడ్డేమీ ఉండదు. ఇన్‌ఫెక్షన్ ముదిరినా, పాత పద్ధతిలో గట్టిగా గీకి కడిగినా గర్భసంచికి దెబ్బ తగలొచ్చు, ఆ మాట నిజం. ఆ ప్రమాదం ఎక్కువగా ఎవరికో చెప్పమంటారా? ఇలాంటి మెసేజ్‌లకు భయపడి డాక్టరు దగ్గరకు వెళ్లకుండా, తెలిసీ తెలియని చోటికి వెళ్లినవాళ్లకు.

ఇక అసలైన అబద్ధం. జైలు, సంతకం, పోలీసులు. మూడూ ఒకటే కాబట్టి కలిపే చెప్తాను.

మన శిక్షాస్మృతిలో గర్భస్రావం నేరమన్న సెక్షన్ ఇప్పటికీ ఉంది, భారతీయ న్యాయ సంహితలో అది 88వ సెక్షన్. అందుకని మెసేజ్ రాసినవాడు పూర్తిగా గాల్లోంచి తీసుకురాలేదని ఒప్పుకుంటాను. కానీ 1971లో ఎంటీపీ చట్టం, అంటే డాక్టరు చేత గర్భం తీయించుకోవడానికి వీలిచ్చే చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం, అర్హత ఉన్న డాక్టరు, అనుమతి ఉన్న చోట చేస్తే అది నేరం కాదు. 2021లో దాన్ని సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. ఆపైన పిండానికి తీవ్రమైన లోపాలుంటే మెడికల్ బోర్డు చూస్తుంది. గర్భం రాకుండా తీసుకున్న జాగ్రత్త విఫలమైందన్న కారణం దగ్గర పాత చట్టంలో "వివాహిత, ఆమె భర్త" అని ఉండేది. ఆ సవరణలో దాన్ని "ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి" అని మార్చారు. ఒక్క మాటే మారింది, కానీ లక్షలమందికి తలుపు తెరిచిన మాట అది. ఆ తర్వాత 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: 20–24 వారాల మధ్య కూడా పెళ్లయిందా లేదా అని తేడా చూపించడం రాజ్యాంగానికి విరుద్ధం. ఆ కేసు వేసింది 25 ఏళ్ల అవివాహిత.

సంతకం సంగతికొస్తే, పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషికి ఆమె సంతకం ఒక్కటే కావాలి. మొగుడిది అక్కర్లేదు, తండ్రిది అక్కర్లేదు, అత్తగారిది అసలే అక్కర్లేదు. పెళ్లయినా ఇంతే, కాకపోయినా ఇంతే. మైనర్ అయితేనో, మానసిక అనారోగ్యం ఉంటేనో సంరక్షకుల అనుమతి కావాలి. మైనర్ విషయంలో, పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయాల్సిందే, ఆ మేరకు మెసేజ్‌లో సగం నిజం ఉంది. అక్కడ కూడా అమ్మాయీ, సంరక్షకులూ కోరితే పేరు బయటపెట్టనక్కర్లేదని అదే 2022 తీర్పు చెప్పింది. మిగతా అందరి విషయంలో చట్టం మెసేజ్‌కి సరిగ్గా తలకిందులు. ఆమె పేరూ వివరాలూ చట్టప్రకారం అధికారం లేనివాళ్లకు బయటపెట్టిన డాక్టరుకే ఏడాది దాకా జైలు. డాక్టరు చెప్పి తీరాలని మీరంటున్నారు, చెప్పినందుకు జైలని చట్టం అంటోంది.

ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానంటే, 2016లో నేను బీటీఎం లేఅవుట్‌లో ఒక పీజీలో ఉన్నాను. ముగ్గురం ఒకే గది. మా ముగ్గురిలో చిన్నది అనంతపురం వైపు అమ్మాయి, అప్పటికి ఇరవై మూడేళ్లు. ఆమెను అడిగాకే ఇది రాస్తున్నాను, "రాయి, పేరు మాత్రం వద్దు" అంది. నెల తప్పింది. అబ్బాయి మొదట "నేనున్నాను" అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఈమె ఒక నర్సింగ్‌హోమ్‌కి ఒంటరిగా వెళ్లింది. కౌంటర్ దగ్గర, పదిమంది కూర్చున్న హాల్లో, "గండ ఎల్లి?" అని అడిగారట, మొగుడెక్కడ అని. ఇంకో మాట మాట్లాడకుండా తిరిగి వచ్చేసింది. భర్త సంతకం ఉండాలి, లేకపోతే పోలీసులు వస్తారు అని అప్పుడు కూడా అందరూ చెప్పుకునేవాళ్లు, ఈమె నమ్మింది. నాలుగు వారాలు పోయాయి. మాకెవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున వాంతులు చేసుకుంటుంటే గ్యాస్ అనుకున్నాం, ఒక గదిలోనే పడుకుని కూడా మాకు అర్థం కాలేదు.

చివరికి చీటీ లేకుండా మందుల షాపులో కిట్ కొనుక్కొచ్చి మింగింది. అప్పటికి పన్నెండు వారాలు దాటాయి. ఆ మాత్రలు చెడ్డవి కావు, డాక్టరు చూసి ఇస్తే తొమ్మిది వారాల లోపు బాగా పనిచేస్తాయి. కానీ ఎన్ని వారాలో తెలియకుండా, గర్భం సంచిలో ఉందో ట్యూబులో ఉందో చూడకుండా మింగితే ప్రాణం మీదికి రావచ్చు. రెండు రాత్రులు బాత్రూంలో రక్తస్రావం. పీజీ ఆంటీకి తెలిస్తే గది ఖాళీ చేయిస్తుందని గుడ్డలు ఉతికి దాచింది. మూడో రాత్రి తలుపు దగ్గర పడిపోతే ఆటోలో తీసుకెళ్లాం. సగమే బయటికి వచ్చిందన్నారు, రక్తం ఎక్కించారు. తెల్లవారుజామున పెద్ద డాక్టరమ్మ వచ్చి ఆమె తల మీద చెయ్యి వేసి "ముందే ఎందుకు రాలేదమ్మా" అంది. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది, అంతవరకూ ఏడవలేదు.

ముందే ఎందుకు రాలేదో మీ మెసేజ్‌లో ఉంది.

ఐర్లండ్, అమెరికా సంగతి. మెసేజ్ రాసినవాడికి ఐర్లండ్ ఎందుకు గుర్తొచ్చిందో గానీ, కర్ణాటకలో కూర్చుని ఆ మాట ఎలా పంపుతారు? సవితా హలప్పనవర్ బెళగావి అమ్మాయి, ఐర్లండ్‌లో ఉండేది, డెంటిస్టు. 2012 అక్టోబర్‌లో, పదిహేడో వారంలో గర్భం నిలవదని డాక్టర్లే చెప్పారు. ఆమె తీసేయమని అడిగింది. పిండం గుండె కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకి 28వ తేదీన చనిపోయింది, 31 ఏళ్లు. ఆమె ఫొటోలు పట్టుకుని ఆ దేశం రోడ్ల మీదికి వచ్చింది. 2018 మే నెలలో ఓటు పెడితే మూడింట రెండొంతుల మంది ఆ నిషేధం పోవాలన్నారు, పోయింది. అమెరికాలో 2022లో సుప్రీంకోర్టు, అబార్షన్ హక్కు అన్న తన పాత తీర్పును కొట్టేసి నిర్ణయం రాష్ట్రాలకు వదిలింది, దేశమంతా నిషేధించలేదు.

ఆడశిశువుల మాట. జరిగింది, జరుగుతోంది. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలుంటే 2001కి 927 అయ్యారు, 2011కి ఇంకా తగ్గారు. కానీ ఆడపిల్ల అన్న కారణంతో తీయడానికి ఎంటీపీ చట్టం ఎక్కడా ఒప్పుకోదు, లింగనిర్ధారణను ఆపడానికి 1994లో వేరే చట్టమే తెచ్చారు. మగపిల్లాడు కావాలని స్కానింగ్ సెంటర్ల చుట్టూ తిరిగింది పెళ్లయిన దంపతులు, వెనకాల నిలబడింది పెద్దవాళ్లు. దానికి పీజీ అమ్మాయి మీద నింద ఎందుకు?

అబ్బాయిలు వాడుకుని, కడుపు తీయించి వదిలేస్తున్నారన్న పాయింట్ దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగాను. నిజమే. ఉంచుకోవాలని ఉన్నా, అబ్బాయి బెదిరిస్తేనో, అత్తింట్లో "ఇప్పుడే వద్దు" అని తీర్మానిస్తేనో ఏడుస్తూ వెళ్లి తీయించుకున్న ఆడవాళ్లు నాకు తెలుసు. అబార్షన్ హక్కు గురించి మాట్లాడే నాలాంటివాళ్లం ఈ సంగతి ఎత్తడానికి వెనకాడతాం, అవతలివాళ్లకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని. అది తప్పే. ఆమె ఒప్పుకోకుండా తీయించడం మామూలు నేరం కాదు, న్యాయ సంహిత 89వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్ష ఉంది. అందుకే ఆమె సంతకం ఒక్కటే ఉండాలంటున్నాను. తీసేయమనడానికీ మొగుడి సంతకం చెల్లకూడదు, ఉంచమనడానికీ చెల్లకూడదు. డాక్టర్లు ఆమెను పక్కకు పిలిచి, వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి, నీకు ఇష్టమేనా అని అడగాలి.

పీజీ సంస్కృతి అన్న మాటకు నాకు ఓపిక లేదు. 2015లో మన దేశంలో కోటీ 56 లక్షల అబార్షన్లు జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అందులో దాదాపు 73 శాతం ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతో జరిగినవి. అవన్నీ బెంగళూరు హాస్టళ్లలో జరిగాయా? మీ ఇంట్లో పెద్దవాళ్లను మెల్లగా అడిగి చూడండి. ఇద్దరు పిల్లల తర్వాత నెల తప్పితే ఎవరికీ చెప్పకుండా "క్లీనింగ్" చేయించుకున్న అత్తో, పెద్దమ్మో ఉంటుంది. మా ఇంట్లో ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు, అనకూడదు కూడా. అదే పని పెళ్లికాని పిల్ల చేస్తే పరువంటారు.

పిన్నీ, ఇది నువ్వూ చదువుతావని తెలుసు. నీ మీద కోపం లేదు. నీ గ్రూపులో పెట్టినదాని కింద, భర్త సంతకం అక్కర్లేదు, ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా చేస్తారు, ఆలస్యం చేయొద్దు అని ఈ మూడు ముక్కలు రాయి, చాలు.

మొన్న రాత్రి ఆ జూనియర్‌కి కూడా అదే రాశాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "సంతకం అక్కర్లేదా అక్కా? ఖచ్చితంగానా?" ఎవరి కోసం అని అడగలేదు. ఎన్ని వారాలు అని అడిగాను. ఎనిమిది అన్నాడు. పొద్దున తొమ్మిదింటికల్లా వెళ్లమన్నాను.